బాపు నేసిన తెరచాప

మొన్న మధ్యాహ్నం మనుమరాలు టీవీలో పడవల పందెం పెట్టింది. పడవలన్నీ ఒకే తీరు, వాటి తెల్లటి తెరచాపలూ ఒకే తీరు. అన్నీ ఒక్కతీరుగ ఉంటే గెలుపేందని అడిగింది. జవాబు తెలిసీ వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈ వయసులో కూడా పడవ పందెం మాటెత్తితే నా మొహం వేడెక్కుతుంది.

పెళ్ళయిన కొత్తలో మేము ఆదిలాబాద్ జిల్లాలో ఒక ప్రాజెక్టు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా ఇంటాయన అక్కడ ఓవర్సీరు. కట్ట పూర్తయి నీళ్ళు నిండాక పెద్ద ఇంజనీరుకు పడవల సరదా పుట్టింది. ఒకే నమూనా మీద నాలుగు పడవలు చేయించి, ప్రతి తెరచాపకూ నిలువు పదిహేనడుగులు, కింది అంచు ఏడడుగులని కొలత పెట్టాడు. గెలుపు మనిషిది కావాలి గాని చాపది కాకూడదని ఆయన పట్టుదల. చుట్టూ గుట్టలు, అడవి. నడుమ టోపీలు పెట్టుకున్న ఆఫీసర్లు పడవలెక్కి ఒకరినొకరు తరుముకుంటుంటే, మేకలు కాసుకునే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్నే, మా ఆయన చూడనప్పుడు.

ఒక గాలివానకు మా ఆయన పడవ చాప చినిగింది. హుస్నాబాద్ దగ్గర మా పుట్టింట్లో బాపు మగ్గం నేస్తాడు కదా, బట్ట ఆయన దగ్గరే నేయిద్దామన్నారు. పేక, అంటే అడ్డపోగు, బాగా దగ్గరగా కొట్టమని నాతో కబురు పంపారు. బాపుకు ఆ మాట గుచ్చుకుంది. "మగ్గం మీద కూసునేది నేనా, నీ పెనిమిటా?" అన్నాడు. గాలికి ఉబ్బే బట్ట మెత్తగా ఉండాలని తనకు తోచినట్టు పలచగా నేసి, దండిగా గంజి పెట్టి పంపాడు. గంజి బిర్రుకు బట్ట బాగానే కనిపించింది. దర్జీ సరిగ్గా కొలత ప్రకారం కోసి కుట్టాడు.

పందెం చూడడానికి బాపు కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు. మా ఆయన గెలిచారు. బాపు పక్కవాళ్ళకు ఆ బట్ట తనదేనని చెప్పబోతుండగానే, ఓడిన ఆఫీసరొకాయన చాప పెద్దగా ఉందని ఫిర్యాదు చేశాడు. ఒడ్డున పరిచి టేపు పట్టారు. నీళ్ళకు గంజి పోయి, గాలికి పేక జరిగి, చాప జానెడు సాగింది. బాపు వంగి బట్టను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వదిలేశాడు. ఇక తలెత్తలేదు.

ఇంజనీరు అడిగితే మా ఆయన, "నేనే కోయించిన సార్. కొలత నాతోనే తప్పింది" అన్నారు. జనంలో ఎవరో దొంగ గెలుపన్నారు. ఒక పక్క మొగుడు, ఒక పక్క తండ్రి. ఎవరి మొహం చూడాలో తెలియక నేను నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాను. బాపు మా ఇంట్లో అన్నం ముట్టకుండానే బస్సెక్కాడు.

తర్వాత చాలా కాలం మా గడప తొక్కలేదు. ఒకనాడు చెప్పాపెట్టకుండా, పలకలా బిర్రుగా నేసిన బట్ట చంకన పెట్టుకుని దిగాడు. పెద్ద సారుకు తానే నిజం చెప్తానన్నాడు. అప్పటికే ఆ సారు బదిలీ అయిపోయాడు. పడవలు షెడ్డులో బోర్లా పడి ఉన్నాయి. బాపు అరుగు మీద కూలబడి, తప్పు తన బట్టదేనని అల్లుడికి చెప్పాడు.

"నాకు ఎరుకే మామా" అన్నారు ఆయన.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఆడనే నిలబడి ఉంటివి గద."

బాపు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వచ్చేశాను. ఆ రోజు మాత్రం ఇద్దరూ ఒక్క దగ్గర కూర్చుని తిన్నారు. తిన్నంతసేపూ వానల గురించే మాట్లాడుకున్నారు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఆనాడు ఒడ్డున నవ్వినవాళ్ళూ ఉండి ఉండరు. కాలం ఆ మనుషులను ఒక్కొక్కరినే తీసుకుపోయింది గాని, బాపూ మా ఆయనా పడ్డ సిగ్గును మాత్రం నా దగ్గరే వదిలిపోయింది.