పెద్దక్క రాసిన అనుమతుల ఫైలు

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాడైన సెక్షన్ ఆఫీసరుదీ అదే పిలుపు. ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమె పంతొమ్మిదేళ్లు పనిచేసింది. రోగుల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక ఆ గదిని మూసేసి, ఆమెను మూడో అంతస్తులోని డేటా విభాగానికి పంపారు. మొదటి వారం ఆ నల్లటి తెర చూస్తేనే కళ్లు తిరిగాయని తనే నవ్వుతూ చెప్పేది.

ఆ విభాగంలో ఒక పెద్ద కంప్యూటర్ సర్వీసు నడిచేది. పదకొండు ఆసుపత్రుల సమాచారం పదకొండు చోట్ల ఉన్నా, ఒక్క ప్రశ్న వేస్తే అన్నిట్లోనూ వెతికి క్షణాల్లో జవాబు తెచ్చేది. ఎవరు ఏది చూడొచ్చో తేల్చేది మాత్రం ఒకే ఒక్క ఫైలు. ఫలానా బృందం ఫలానా పట్టిక చదవొచ్చు, ఫలానాది చూడకూడదు అని అందులో నియమాలు ఒకదాని కింద ఒకటి ఉండేవి. ఇంజనీర్లకు ఆ ఫైలంటే చిరాకు. ఒక్క కామా తప్పినా సర్వీసు మొండికేసేది. "నాకివ్వండి, నేను చూసుకుంటా" అని పెద్దక్క దాన్ని నెత్తికెత్తుకుంది. ఎవరి కాగితం ఎవరికివ్వాలో, ఎంత దబాయించినా ఎవరికివ్వకూడదో ఆమెకు బాగా తెలుసు మరి.

ఒక మంగళవారం ఉదయం ప్రజారోగ్య విభాగం డాక్టరమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"పెద్దక్కా, మూడు ఊళ్లలో పిల్లలకు ఉన్నట్టుండి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. నిన్నటికి పద్నాలుగు మంది. ఎందుకో అంతుపట్టట్లేదు. అన్ని ఆసుపత్రుల ల్యాబు ఫలితాలూ, ఇచ్చిన మందులూ కలిపి చూడాలి. ఇదిగో డైరెక్టరుగారి అనుమతి."

పెద్దక్క కాగితం రెండుసార్లు చదివింది. ఫలితాలు, మందులు చూడొచ్చు. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు చూడకూడదు.

"టైం లేదు పెద్దక్కా, ఇవాళ్టికి అన్నీ తెరిచేయండి. సాయంత్రం మూసేద్దాం" అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

"ఈలోపు ఎవరెవరు ఏం చూస్తారో ఎవరికి తెలుసు సార్? నాకు అరగంట ఇవ్వండి చాలు."

డాక్టరమ్మ బృందానికి విడిగా ఒక నియమం రాసింది. రెండే రెండు పట్టికలు, చదవడం వరకే, వ్యక్తిగత వివరాలున్న గడులు కనపడవు. ఫైలు చివర చేర్చి సేవ్ చేసింది. సర్వీసు నిమిషానికోసారి ఆ ఫైలును మళ్లీ చదువుకుంటుంది కనుక నిమిషం ఆగి, "ఇప్పుడు అడగండి" అంది.

తెర మీద వచ్చింది: అనుమతి లేదు.

పెద్దక్క తెర మీద వేలు పెట్టి పైనుంచి ఒక్కో నియమమే చదువుకుంటూ వచ్చింది. ఏడో నియమం దగ్గర వేలు ఆగింది. డాక్టర్లెవరూ తమది కాని ఆసుపత్రి పట్టికలు చూడకూడదు.

"దొరికింది! మీరూ డాక్టరే కదమ్మా! పైనుంచి చదువుతూ, మీకు సరిపడే మొదటి నియమం దగ్గరే ఇది ఆగిపోతోంది. కింద నేను రాసిన దాకా రానే రావట్లేదు!"

గబగబా తన నియమాన్ని తెచ్చి అన్నిటికంటే పైన పెట్టింది. కొత్త నియమం పెట్టిన ప్రతిసారీ, చూడకూడని మనిషి చేత కూడా ఒకసారి ప్రయత్నించి చూడటం ఆమెకు అలవాటు. అందుకని కింద రిసెప్షన్లో ఉన్న అమ్మాయికి ఫోన్ చేసింది.

"ఏమ్మా, ల్యాబు పట్టిక తెరువు, చూద్దాం."

"తెరుచుకుందక్కా! ఏవో అంకెలు బోలెడొచ్చాయి."

పెద్దక్క తన నియమాన్ని మళ్లీ చదివింది. జరిపేటప్పుడు బృందం పేరున్న వరస ఊడిపోయింది. ఫలానా వాళ్లకని రాయకపోతే ఆ నియమం అందరికీ వర్తిస్తుంది.

"మూసెయ్ తల్లీ, ముందు మూసెయ్!"

ఆ వరస మళ్లీ రాసింది. "నా పొరపాటే సార్, రెండు నిమిషాలు అందరికీ తెరుచుకుంది. పేర్లు మాత్రం కనపడలేదు. ఆ రెండు నిమిషాల్లో ఎవరు చూశారో సర్వీసు రాసుకున్న చిట్టా తీయించండి" అని ఆఫీసరుకు చెప్పింది. ఫోను చెవిన పెట్టుకునే గడియారం వంక చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు రావట్లేదక్కా, అనుమతి లేదంటోంది!"

ఆ మాటకు పెద్దక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇక కానివ్వండి డాక్టరమ్మా!"

నలభై సెకన్లు పట్టింది. తర్వాత వరసలు బిలబిలా దిగాయి. పద్నాలుగు కాదు, ఇరవై ముగ్గురు పిల్లలు. డాక్టరమ్మ వాళ్లను మందుల వారీగా సర్ది, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇటు చూడండి! ఇరవై ఒక్క మందికి ఒకే దగ్గు మందు! అదీ ఒకే బ్యాచి!"

"మరి పేర్లు లేవుగా, ఆ మందు తీసుకున్న మిగతా వాళ్లకు కబురెలా పెడతారు?" అన్నాడు ఆఫీసరు.

"ఆసుపత్రివాళ్లు రోగులకిచ్చిన నంబర్లున్నాయి కదా సార్. ఏ ఆసుపత్రి నంబర్లు ఆ ఆసుపత్రికి పంపితే పేర్లు వాళ్ల దగ్గరుంటాయి. వాళ్లే ఫోన్ చేస్తారు" అంది పెద్దక్క.

మధ్యాహ్నానికల్లా పదకొండు ఆసుపత్రుల్లో ఫోన్లు మోగాయి. మూడింటికల్లా ఆ బ్యాచి సీసాలన్నిటినీ షాపుల్లోంచి తీయించేశారు. బస్సు డ్రైవరైన భర్త ఎప్పటిలాగే "తిన్నావా?" అని ఫోన్ చేశాడు.

"తినడమేంటండీ, ఇక్కడేం జరిగిందో తెలుసా!" అని మొదలుపెట్టి ఆమె ఎంతకీ ఆపలేదు.

"ఒసేయ్, బస్సు తీయాలే. జనం తిడుతున్నారు. మిగతాది ఇంటికొచ్చాక చెబుదువుగాని!"

వారం తిరిగేసరికి కొత్త కేసులు ఆగిపోయాయి. ఇద్దరు పిల్లలకు చాలాకాలం వైద్యం పట్టింది కానీ, ఇరవై ముగ్గురూ ఇళ్లకు చేరారు. పని పూర్తయిందని డాక్టరమ్మ రాసిన రోజే పెద్దక్క ఆ నియమాన్ని ఫైల్లోంచి తీసేసింది.

మర్నాడు సెక్షన్ ఆఫీసరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. పదకొండు ఆసుపత్రుల ఇంజనీర్లకూ ఈ ఫైలు రాయడం నేర్పాలట, నలభై మంది వస్తారట. "మీరే చెప్పాలి పెద్దక్కా, స్టేజీ ఎక్కి."

నలుగురి ముందు ఎన్నడూ నోరు విప్పని మనిషి, చెంపలు వేడెక్కుతుంటే లేచి నిలబడింది. "ఎన్నింటికి సార్?" అంది.