మూడో పిలుపు

కృపారాణి నోటికి జడిసేవాళ్లు నరసాపురం లేసు అల్లేవాళ్లలో చాలామందే ఉన్నారు. నలభై రెండేళ్ల మనిషి. అరుగు మీద కూర్చుందంటే చేతిలో సూదీ ఆగదు, నోరూ ఆగదు. ఆ అల్లిక ఆమెకి నేర్పింది ఊరవతలి అనాథ బాలికల హాస్టలు. అక్కడ ఇంకేం జరిగిందో మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

పోయినేడు ఆ హాస్టల్లోనే చదివిన ఇద్దరమ్మాయిలు, దాన్ని నడిపిన కరస్పాండెంటు తమనేం చేశాడో రాసి కలెక్టరుగారికి అర్జీ పెట్టారు. కరస్పాండెంటు చచ్చి రెండేళ్లయినా, యాజమాన్యం సంగతి తేల్చాలని ప్రభుత్వం విచారణ వేసింది. పాతవాళ్లు కూడా వచ్చి చెప్పచ్చన్నారు. కృపారాణి పేరు రాయించుకుని, నెల రోజులు సూది ఆడిస్తూ మాటలు కూడగట్టుకుంది.

తీరా నోటీసు చూస్తే, విచారణ జరిగేది హాస్టల్లో, కరస్పాండెంటు గదిలో! సాయంత్రం ప్రార్థన అయ్యాక పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిపించుకున్న గది అది. ఊళ్లో ఇన్ని ఆఫీసులుండగా వీళ్లకి అదే దొరికిందా? సిగ్గుండక్కర్లేదా?

అయినా వెళ్లింది. గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. తెరిచిన ఆ గది కిటికీలోంచి గోడ మీద వాడి పటం కనిపించింది. దానికి తాజా బంతిపూల దండ. కృపారాణికి ఒళ్లు మండిపోయింది.

బాధితులకి తోడుండమని పంపిన కౌన్సెలరు మంజుష పరుగున వచ్చింది. చిన్నపిల్ల.

"లోపలికి రండమ్మా. తలుపులేసి రహస్యంగా రాసుకుంటారు. మీ పేరు బయటికి రాదు."

"అప్పుడూ తలుపులేశాడండి ఆయన. ముప్ఫై ఏళ్లూ రహస్యంగానే ఉంది. ఏం బాగుపడిందంటారు?"

"అది కాదండీ, మూడుసార్లు పిలిచినా రాకపోతే గైరుహాజరని రాసేస్తారు. మళ్లీ అవకాశం ఉండదు."

వరండాలోంచి అటెండరు పిలిచాడు. "కొల్లాబత్తుల కృపారాణీ!"

ఆమె కదల్లేదు. రెండోసారీ పిలిచాడు. గేటు ఊచ గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఒక్క ముక్కతో కొట్టేస్తారు కదా అని ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం తన్నుకొచ్చింది.

మూడో పిలుపుకి రోడ్డు దద్దరిల్లేలా అరిచింది. "వచ్చానండీ! ఇక్కడే ఉన్నాను. ఆ పటం కింద నేను కూర్చోను. ఆఫీసరుగారినే ఇటు రమ్మనండి! రాలేదని రాశారో, ఈ రోడ్డు మీదున్న వాళ్లందరూ నాకు సాక్ష్యం!"

చేపల బుట్టలతో వెళుతున్న ఆడవాళ్లు ఆగిపోయారు. సైకిళ్లు ఆగాయి. కాసేపటికి విచారణాధికారి సత్యప్రసాద్ గారు ఫైలు పట్టుకుని, మొహం చిట్లించుకుంటూ వచ్చారు. వెనకాలే అటెండరు, గదిలో ఆయన కూర్చున్న కుర్చీనే మోసుకొచ్చి గేటు బయట వేశాడు. ఆయన కూర్చుని కలం తీశారు.

"ఊఁ, చెప్పమ్మా. సంఘటన జరిగిన స్థలం?"

కృపారాణి చెయ్యి చాపి కిటికీకేసి చూపించింది.

"తమరిప్పుడు లేచొచ్చిన గదేనండి. తమరు కూర్చున్న కుర్చీ కూడా ఆ పటంలో ఉన్నాయనదేనండి."

సత్యప్రసాద్ గారు లేచి నిలబడ్డారు. మిగతాదంతా నిలబడే రాసుకున్నారు.