కన్ఫర్మేషన్ కాని పిల్ల

పది గంటల ఇరవై నిమిషాలకి చర్చిలో పాస్టరు అయ్యగారు నా కుడిపక్క మోకరించిన ఆవిడ అరచేతిలో రొట్టె ముక్క పెట్టి, నా ముందుకొచ్చి ఆగారు. బల్ల వెనక గోడకు పెద్ద గడియారం ఉండేది కాబట్టి టైం గుర్తుంది. నేను చేతులు చాపలేదు. తల వంచాను.

"కన్ఫర్మేషన్ అయిందామ్మా?" అన్నారు.

ఆయన జూన్‌లోనే బదిలీ మీద మా సంఘానికి వచ్చారు. కోస్తా మనిషి. మెల్లగా మాట్లాడటం రాదు.

"లేదండి."

"మరి పెద్దపిల్లవి కదమ్మా" అని నా ఎడమపక్కనున్న ముసలాయన దగ్గరికి జరిగారు.

జరిగింది ఇంతే. ఇందులో ఎవరికీ తప్పు కనపడదు. నాకు కనపడింది.

మా చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, సంస్కారం ఇస్తారు. కన్ఫర్మేషన్ అయినవాళ్లు ప్రభువు బల్ల ముందు మోకరించి చేతులు చాపుతారు. వాళ్లకు రొట్టె, ద్రాక్షారసం. కన్ఫర్మేషన్ కాని పిల్లలు అమ్మానాన్నల పక్కన మోకరించి తల వంచుతారు. అయ్యగారు వాళ్ల తల మీద చేయి పెట్టి, "ప్రభువు నిన్ను కాపాడును గాక" అని ముందుకు పోతారు. పద్నాలుగో పదిహేనో ఏడు వచ్చేసరికి పిల్లలు క్లాసులకు వెళ్లి, సంఘంలో పెద్దవాళ్లుగా లెక్కకొచ్చే కన్ఫర్మేషన్ తీసుకుంటారు. అందాకా ఆ చేయి వాళ్లది. మోకరించడం వచ్చినప్పటి నుంచి నేను మా అమ్మ పక్కనే మోకరించాను. అమ్మకు రొట్టె, నాకు చేయి.

నేను క్లాసుల్లో చేరాల్సిన ఏడు ఆగస్టులో అమ్మకు డెంగీ వచ్చింది. నాలుగు రోజుల్లో చనిపోయింది.

చనిపోయింది అన్న మాట సంఘంలో ఎవరూ వాడలేదు. ప్రభువునందు నిద్రించింది అన్నారు. మహిమలోకి పిలుచుకున్నాడు అన్నారు. అంత్యక్రియల తరవాత జరిగిన ఆదరణ కూటంలో ఒక పెద్దాయన లేచి, తోటమాలి తనకిష్టమైన పువ్వును కోసుకున్నాడన్నాడు. ఆయన మీదికి చెప్పు విసరాలనిపించింది. మా అమ్మ ఆబిడ్స్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసేది. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం తినేది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, నోరు తుడవమని నర్సును రెండుసార్లు అడిగింది. పువ్వును ఎవరూ అట్లా చంపరు.

పాత అయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆ ఏడాది పొడుగునా, నేను ఒక్కదాన్నే వెళ్లి మోకరిస్తే, ఏమీ అడగకుండా తల మీద చేయి పెట్టి పోయారు. అమ్మ పోయాక నాన్న బల్ల దగ్గరికి రావడం మానేశాడు. వెనక బెంచీలో కూర్చుని, "నువ్వు పో" అనేవాడు. నేను పోయేదాన్ని. నన్ను ఇంకా పిల్లగా లెక్కపెట్టే చోటు అదొక్కటే మిగిలింది.

ఇంట్లో ఆ లెక్క మారిపోయింది. మేము నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ బతికుండగా గురువారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగేది. అమ్మ పోయినా వాళ్లు ఆపలేదు. ఆమె జ్ఞాపకార్థం అన్నారు. ఆమె జ్ఞాపకార్థం చాయ్ నేను పెట్టాలి. వాళ్లలో పెద్దావిడది మెదక్ వైపు. అందరికీ ఆంటీ. మొదటి గురువారమే నా భుజం పట్టుకుని, "ఇగ ఈ ఇంటికి తల్లివి నువ్వే బిడ్డా, మీ డాడీని నువ్వే సూసుకోవాలె" అంది. తరవాత కప్పు నోటి దగ్గర పెట్టుకుని, "చక్కెర జర తక్కువైంది. మీ అమ్మ చాయ్ గిట్ల ఉండకపోతుండె" అంది. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఆ ప్రేమను నేను ఈరోజుకీ క్షమించలేదు.

మరుసటి ఏడు ఇంటర్‌లో చేరాను. కాలేజీ ఆబిడ్స్‌లోనే. చాలా రోజులు పోలేదు. నాన్న తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లగానే పదో తరగతి యూనిఫాం తీసి వేసుకునేదాన్ని. నీలం స్కర్టు, తెల్ల చొక్కా, రెండు జడలు. స్కర్టు మోకాళ్ల మీదికి పోయింది. అయినా వేసుకునేదాన్ని. ఆ బట్టల్లో ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి, అక్కడి నుంచి మెట్రో పిల్లర్ల కింద నాంపల్లికి తిరిగొచ్చి, పబ్లిక్ గార్డెన్స్‌లోకి వెళ్లేదాన్ని. మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. స్కూలు స్నేహితులు తలొక కాలేజీలో చేరారు. తల్లి చనిపోయిన పిల్లతో ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియలేదు. నేనూ సాయం చేయలేదు.

గార్డెన్స్‌లో ఒకరోజు ఉయ్యాల ఎక్కాను. వాచ్‌మన్ దూరం నుంచే కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఓ పాపా, దిగు. గది చిన్నపిల్లలది."

"నేనూ స్కూలు పిల్లనే అంకుల్."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏ స్కూలమ్మా నీది, మూడేండ్లు ఫేలయినవా? దిగు, దిగు. గొలుసు తెగితే నా నౌకరీ పోతది."

దిగాను. అతని మాటలో అబద్ధం లేదు. ఆ రోజంతా అతన్ని తిట్టుకుంటూ తిరిగాను.

ఇదంతా అయ్యాక వచ్చింది ఆ మొదటి ఆదివారం. కొత్త అయ్యగారు నా ముందు నుంచి జరిగిపోయారు. నాకు రొట్టె లేదు, చేయి లేదు. ఆరాధన అయ్యాక వరండాలో చాయ్, బిస్కెట్లు ఇస్తున్నారు. ఆంటీ ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చింది.

"ఏంది బిడ్డా, అందరి ముంగట పరువు తీస్కున్నవ్? వచ్చే వారం నుంచి క్లాసులున్నయ్. అయ్యగారికి నీ పేరు చెప్పిన. ఇగో, ఇది గూడ తెచ్చిన."

కవర్లో అమ్మ తెల్ల చీర ఉంది. మొదటి ఆదివారాల్లో కట్టుకునేది. దాని మీద జాకెట్టు మడతపెట్టి ఉంది. విప్పి చూశాను. పక్కలు కోసి, లోపలికి లాగి, కొత్త దారంతో కుట్టించారు.

"నీ కొలతకు చిన్నగ చేయించిన. కన్ఫర్మేషన్ నాడు కట్టుకుంటే అచ్చం మీ అమ్మ లెక్కనే ఉంటవ్."

"ఎవరిచ్చారు మీకు?"

"మీ డాడీనే ఇచ్చిండు."

కవరు ఆమె చేతిలోనే వదిలేసి ఇంటికి నడిచాను. నాన్న వెనకాలే వచ్చాడు. ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. వేరే రోజైతే ఆగేదాన్ని. ఇంట్లోకి అడుగు పెట్టాకే నోరు తెరిచాను.

"ఎందుకిచ్చారు డాడీ?"

"తెల్ల చీర కావాలె గదా నీకు. కొత్తది ఎందుకు అన్నది ఆంటీ." చొక్కా గుండీలు విప్పుతూ గోడ వైపు తిరిగాడు. "నువ్వు గది కట్టుకుంటే... జర మీ అమ్మను చూసినట్టు ఉంటది అనుకున్న."

"నేను అమ్మను కాను."

"నేనట్ల అనలేదు."

"అందరూ అదే అంటున్నారు. చాయ్ పెట్టు, అన్నం వండు, చీర కట్టుకో. అమ్మ చచ్చిపోయింది, ఆ ఖాళీలో నన్ను నిలబెడుతున్నారు. మరి నా అమ్మ ఏది? నా ఖాళీలో ఎవరిని నిలబెడతారు?"

"గట్ల అరవకు. పక్కింటోళ్లు వింటరు."

"విననివ్వండి. మీకు బల్ల దగ్గరికి రావడానికి బాధ. నాకు బాధ లేదా? నన్నెందుకు ఒక్కదాన్ని పంపారు? ఈరోజు అందరూ చూస్తుండగా నన్ను దాటి పోయాడాయన. మీరు వెనక కూర్చుని చూస్తున్నారు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. అన్నం నేను వండలేదు. సాయంత్రం ఆయనే కిందికి వెళ్లి రెండు పొట్లాలు తెచ్చాడు. తిన్నాం. నా కోపం తగ్గలేదు. ఆకలి వేరు, కోపం వేరు.

గురువారం సాయంత్రం ఆంటీ, ఇంకో నలుగురు మెట్లెక్కి వచ్చారు. నేను వంటగదిలోకి పోలేదు. నాన్న ఆఫీసు నుంచి ముందే వచ్చి ఉన్నాడు. తలుపు సగం తెరిచి, అడ్డంగా నిలబడ్డాడు. ఆంటీ చెప్పులు విడవబోయింది.

"విడవకున్రి అక్కా. ఇగ ఈడ కూటం వద్దు."

"ఏమైంది తమ్ముడూ? చాయ్ కోసమా? చాయ్ లేకున్న మంచిదే. ఒక పాట పాడుకొని పోతం. పాపం ఆమె నిలబెట్టిన కూటం..."

"ఆమె సచ్చిపోయింది అక్కా."

ఆ మాట మా నాన్న నోట వినడం నాకదే మొదటిసారి.

"గట్ల అనొద్దు తమ్ముడూ," అంది ఆంటీ. "నిద్రించింది."

"సచ్చిపోయింది. ఈ పిల్ల నా బిడ్డ, ఈమె ఎవ్వరికీ తల్లి గాదు. చదువుకుంటది. క్లాసులకు పోవాలంటే పోతది, వద్దంటే లేదు. ఆ చీర నాకు ఇచ్చేయున్రి. కోసింది కోసినట్టే ఇచ్చేయున్రి."

ఆయన సంఘంలో ఎవరికీ ఎదురు మాట్లాడిన మనిషి కాదు. నేను లోపల నిలబడి విన్నాను. సంతోషం కలగలేదు. ఈ మాట ఏడాది ముందు ఎందుకనలేదు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. అయినా ఆ రాత్రి యూనిఫాం తీసి ఇంటి ఓనరమ్మ కూతురికి ఇచ్చేశాను. మర్నాడు కాలేజీకి వెళ్లాను.

చీర మరుసటి ఆదివారం తిరిగొచ్చింది. జాకెట్టు ఎవరికీ సరిపోదు. అమ్మకూ సరిపోదు, ఎదిగాక నాకూ సరిపోదు.

కన్ఫర్మేషన్ పంతొమ్మిదో ఏట తీసుకున్నాను, మామూలు సల్వార్ కమీజులో. ఎవరూ అడగని రోజు చూసి నేనే వెళ్లి పేరిచ్చాను. ఆంటీ అప్పుడు కూడా ముందు బెంచీలోనే ఉంది. నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేదు. దారిలో ఎదురైతే మాత్రం ఇప్పటికీ నాన్నకు వందనాలు చెబుతుంది.

మా ఇంట్లో గురువారం కూటం ఇప్పుడు జరగదు.