అరిగిన రూపాయి

చిట్యాలలో నా టైలరింగ్ షాపు గోడకు ఆనుకొనే బిక్షపతన్న వెండి దుకాణం. తాతల నాటి ఔసలి పని వాళ్లది. జనమంతా హన్మకొండ షోరూములకు ఎగబడ్డాక ఆయనకు మిగిలింది చుట్టుపక్కల తండాల పనే. లంబాడా ఆడవాళ్ల రూపాయల హారాలకు కొక్కేలు అతకడంలో ఆయన చెయ్యే చెయ్యి. నాణేనికి మాత్రం బెజ్జం పెట్టడు. పెట్టమన్నవాళ్లను తిట్టి పంపిస్తాడు.

మనిషి బంగారం. కానీ రూపాయి అన్న మాట చెవిన పడిందా, ఇక నా తల తినేసేవాడు.

"రూపాయంటే ఏందనుకున్నవు సుమిత్రా? రూపం నుంచి వచ్చింది. ఉత్త వెండి వెండే. దాని మీద అచ్చు గుద్ది రూపమిస్తే రూప్యం. గదే జనం నోట నలిగి రూపాయి అయింది. ఇప్పటి దాంట్ల వెండేది? పేరొక్కటే మిగిలింది!"

"నిన్న గూడ చెప్పినవన్నా" అంటూ నేను మిషను తొక్కుకునేదాన్ని. ఊరుకుంటేనా!

మొన్న తీజ్ పండుగకు ముందు తండా నుంచి సమ్మక్క అనే ముసలమ్మ, మనవరాలు సంగీతను వెంటబెట్టుకొని వచ్చి తన హారం ఇచ్చింది.

"కొక్కేలు వదులైనయి బిడ్డా, గట్టిగ అతుకు. ఈసారి పండుగకు నా మనవరాలి మెడల ఎయ్యాలె."

అన్నీ చార్మినార్ బొమ్మతో నిజాం కాలపు వెండి రూపాయలు. నడుమ నాణెం ఒక్కటే బొమ్మా అక్షరమూ లేకుండా నున్నగా అరిగిపోయి ఉంది. బిక్షపతన్నకు మనసొప్పలేదు. తను దాచుకున్న పాత రూపాయి, బొమ్మ చెక్కుచెదరనిది, తీసి దానికి కొక్కెం అతికి ఆ చోట తగిలించాడు. దానికి పైసా అడగదలచుకోలేదు కూడా. అరిగినదాన్ని తుక్కు వెండితో కలిపి మట్టి మూసలో కరిగించేశాడు.

సమ్మక్క సంగీతతో మళ్లీ వచ్చి హారం చేతిలోకి తీసుకుంది. చూపు మందం కాబట్టి వేళ్లతోనే తడుముకుంటూ పోయి నడుమన ఆగిపోయింది.

"ఇది మాది కాదు."

"మంచిది ఏసిన అవ్వా! దాని రూపం పోయింది. రూపం లేనిది రూపాయెట్లయితది?" అన్నాడాయన హుషారుగా.

"నాదేది?"

బిక్షపతన్న పళ్లెంలోని వెండి ముద్ద చూపించాడు. ముసలమ్మ గడప మీదే కూలబడింది.

"నన్ను కన్న మా యాడి ఈ హారమేసుకొని చంకనెత్తుకుంటే నేను గదే పట్టుకునేదాన్నంట. పాలు తాగుకుంట గదే చప్పరించేదాన్నంట. ఎనుక నా పిల్లలు. ఎనుక ఈ సంగీత. మా పిల్లల నోళ్లకే అరిగింది బిడ్డా అది."

బిక్షపతన్న ముద్ద మొత్తం ఆమె ఒళ్లో పెట్టాడు.

"తీస్కపో అవ్వా. నాకేం వద్దు. తప్పయింది."

సమ్మక్క ముద్దను రెండు చేతులా తడిమింది. "దీంట్ల ఇంకెవరెవరియి ఉన్నయి?"

"ఎవరో సచ్చిపోయినామె మెట్టెలు. ఒక పసిపిల్ల గజ్జెలు."

"అయ్యో! గా పిల్ల తల్లి నా లెక్కనే ఎతుక్కుంట వస్తె ఏం చెప్తవు? ఉండనియ్యి." ముద్దను తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "నీ రూపాయి గూడ ఊడదియ్యి."

ఆయన ఊడదీయబోయాడు. అంతటి పనిమంతుడికి ఒక్క కొక్కెం విప్పడం చేతకాలేదు. చివరికి సంగీతే విప్పింది.

"నడుమ ఖాళీగ కనబడుతది గదనే" అంది పిల్ల.

"కనబడనీ."

సమ్మక్క హారం తన మెడలోనే వేసుకొని లేచింది. మెట్టు దిగుతుండగా అలవాటు కొద్దీ చెయ్యి హారం నడిమికి పోయింది. వేళ్లకు ఏమీ దొరకలేదు. కాసేపు వెతికి, ఆ చేతిని తన గుండె మీదే ఆన్చుకొని నడిచిపోయింది.