తెల్లవారుజాము గడి

కొత్త ఎయిర్‌పోర్టు మొదలైన మూడేళ్లకి అనుకుంటాను, పశువైద్యం చదువుతూ బుద్వేల్ దగ్గర హాస్టల్లో ఉండేదాన్ని. చెరువు ఆరోగ్యం చూడడం కూడా మా చదువులో ఒక భాగం. నాకు మంఖాల్ వైపు ఒక చెరువు ఇచ్చారు. అందులో అన్నదమ్ములిద్దరు చేపలు పెంచేవారు. పెద్దాయనకి నా మీద వల్లమాలిన నమ్మకం. డిగ్రీ రాకముందే డాక్టరమ్మా అని పిలిచేవాడు. నేనూ సిగ్గు లేకుండా పలికేదాన్ని.

నీళ్లలో ఆక్సిజన్‌ని తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తనే వాడేసుకుంటుంది. అందుకే చెరువు అసలు సంగతి పొద్దు పొడవకముందే తెలుస్తుంది. ఇది పరీక్షలో కూడా రాశాను. కానీ పొద్దున్నే లేవడానికి నాకు బద్ధకం. టిఫిన్ తిని, రెండు బస్సులు మారి వెళ్లేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ అంకెలోంచి కాస్త తగ్గించి రికార్డులో తెల్లవారుజాము గడి నింపేసేదాన్ని. క్లాసులో సగం మంది అదే పని చేసేవారు, అదొక ధైర్యం.

ఒకరోజు పెద్దాయన అడిగాడు.

"డాక్టరమ్మా, నీళ్లు మస్తు పచ్చగైనయి. ఇప్పుడే పట్టి అమ్ముదామని మా తమ్ముడంటుండు. నేనైతే ఇంకో నెల ఆగుదామంటున్న. నువ్వేమంటవ్?"

"నీళ్లు బాగున్నాయండీ. ఆగండి."

"పొద్దుగాల గూడ సూసినవా?"

"చూశాను," అన్నాను.

తరువాత మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఆయన ఫోన్ చేస్తే పరుగెత్తాను. పెద్ద చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పైకొచ్చి గాలి పీల్చుకునే కొర్రమట్టలు మాత్రం బతికి తిరుగుతున్నాయి. చూడగానే అర్థమైంది. విషం కలిపితే అవీ మిగలవు. మిగతావన్నీ ఊపిరాడక పోయాయి.

"మందు కలిపిండమ్మా. నా మాట నెగ్గిందని మా తమ్మునికి కడుపుమంట," అన్నాడు పెద్దాయన.

"నా చేపలు నేనే సంపుకుంటనా అన్నా?" అన్నాడు గట్టు మీద కూలబడ్డ తమ్ముడు. అని నా వైపు చూశాడు.

నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ రికార్డు, మార్కులు, మా సారు మొహం, అవే కళ్లముందు మెదిలాయి. "కాలేజీకి తీసుకెళ్లి పరీక్ష చేస్తానండీ," అని సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేశాను. హాస్టల్ సింకులో పారబోశాను. తరువాత ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. రికార్డుకి మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

రెండేళ్ల తరువాత నాన్నగారిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్తూ, మనసు ఆగక కారు ఆ చెరువు వైపు తిప్పించాను. ఈసారైనా చెప్పేయాలనుకున్నాను. పెద్దాయన ఒక్కడే కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కూర్చోమని తువ్వాలు పరిచాడు.

"తమ్ముడు రాలేదా అండీ?"

"వాని ముచ్చట ఎందుకమ్మా. వాని బిడ్డ పెండ్లికి గూడ నేను పోలే."

కాసేపు ఆ తువ్వాలు మీదే కూర్చున్నాను. తరువాత ఫ్లైట్ టైమైందండీ అని లేచాను. నాన్నగారి ఫ్లైట్ దిగడానికి ఇంకా రెండు గంటలుంది.