మొగుడి పేరు చెబితేనే పింఛను

తార్నాక చౌరస్తాలో బండిమీద మక్కకంకులు కాలే వాసన వస్తే అందరికీ వాన గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం యాదగిరి గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

అరవైల చివర్లో మా గల్లీ నుంచి యూనివర్సిటీ దాకా ఇళ్లకంటే సీతాఫలం చెట్లే ఎక్కువ. వానలు వెనకబట్టాక పిల్లలం ఆ చెట్ల, బండల మధ్య తంగేడు, గునుగు పూలు కోసుకుంటూ, గోటీలాడుకుంటూ, ఆకలేస్తే చింతకాయలు నములుతూ పొద్దుగూకేదాకా తిరిగేవాళ్లం. తాత ఆ యూనివర్సిటీ తోటల్లో మాలి. పనిలో ఉండగానే పోయాడు. నాన్న సంపాదన మా నోళ్లకే చాలదు కనుక నాన్నమ్మ దగ్గు మందుకైనా తాత మీద వచ్చే పింఛనే దిక్కు.

పింఛను కాగితాలు చూసే గుమాస్తా యాదగిరి మా గల్లీవాడే, తాత తెచ్చిచ్చిన జామకాయలు తిని పెరిగినవాడే. నన్ను వెంటబెట్టుకొని నాన్నమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికి పోతే, ఎన్నడూ ఎరగనట్టు అడిగాడు.

“నీ పెనిమిటి పేరేంది?”

మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని అప్పటి ఆడవాళ్ల నమ్మకం. ఆయన పోయినా నాన్నమ్మకు నోరు రాలేదు. నేను చెప్పబోయాను.

“పోరి చెప్తే నడ్వది. పించిని ఎవరిదో వాళ్లే చెప్పాలె. కానూన్!”

వరుసలో వాళ్లు నవ్వారు. నాన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది. మళ్లీ పోయినా అదే మాట, అదే నవ్వు. మందు ఆగిపోయింది. “కానియ్ బిడ్డా, బతుకమ్మ రానీ” అంటూ రాత్రంతా దగ్గేది.

సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లంతా ఆడిపాడి, పూలు నీళ్లలో వదిలి వచ్చేసరికి, తాను ఆడకుండా గడపలో కూర్చున్న నాన్నమ్మ, మక్కలు వేయించి తిరగలిలో విసిరి బెల్లం, నెయ్యి కలిపి చేసిన సత్తు ముద్దలు పంచడం మొదలుపెట్టింది. యాదగిరి తల్లి ఎల్లవ్వ చెయ్యి చాపింది. పక్కన కొత్త కోడలు, వెనక సైకిలు పట్టుకుని యాదగిరి.

“నీ పెనిమిటి పేరు చెప్పు వదినె, పెడ్త.”

“అయ్యో, ఎట్ల చెప్త?”

“నీ కొడుకు నన్నట్లనే అడుగుతున్నడు. చెప్తేనే పించినంట.”

ఎల్లవ్వ గల్లీ అంతా చూస్తుండగా కొడుకు వైపు తిరిగింది. “రేపు నేను గూడ నీ కిటికీకాడ నిలబడ్తే గిట్లనే నవ్విస్తవార? థూ!”

మర్నాడు యాదగిరి తనే మా గడపకొచ్చి, ఏ పేరూ అడక్కుండా నాన్నమ్మ వేలిముద్ర వేయించుకుపోయాడు. పింఛను వచ్చింది. అయినా నాన్నమ్మ బతికినన్నాళ్లూ ప్రతి బతుకమ్మకీ వాళ్లింటికి నాతో సత్తు ముద్దలు పంపి, “యాదగిరికి తప్ప” అని గట్టిగా చెప్పించేది. చెబుతుంటే నా కడుపు ఎంత చల్లబడేదో! పాపమనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

సీతాఫలం చెట్లు పోయి అపార్టుమెంట్లొచ్చాయి. టీచరుగా రిటైరైన నేనూ ఏటా నవంబరులో బతికున్నానని చూపించుకోవడానికి బ్యాంకుకి పోతాను. మొన్న నా ముందు కూర్చున్నది ఆనాటి కొత్త కోడలు. యాదగిరి పోయాడట, ఆమెకిప్పుడు ఆయన పింఛను. కౌంటరులో అమ్మాయి “మీ ఆయన పేరేంటమ్మా?” అంది. నేను ముందుకు వంగాను. ఆమె తడబడాలని, కొంగు నోటికడ్డం పెట్టుకోవాలని, వెనకవాళ్లు నవ్వాలని ఎంత ఆశపడ్డానో.

“యాదగిరి” అంది, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా. ఎవరూ తలెత్తి చూడలేదు. మందు మానుకొని, దగ్గుతూ దగ్గుతూ నాన్నమ్మ నోట్లోనే దాచుకున్న మాట ఇంత చవకైందా అని నాకు ఏడుపొచ్చింది.