కాల్చిన రాగి

మా గోదావరిఖనిలో ఇనుము ఎంత మోసుకుపోయినా ఎవరూ అడగరు. రాగి కనిపిస్తే మాత్రం ఆగి అడుగుతారు. బొగ్గుబాయిలోకి కరెంటు తీసుకుపోయే కేబుళ్లలో ఉండేది రాగే. దాన్ని కోసుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటారు. కోసిన కేబుల్‌ను తుప్పల్లోకి తీసుకుపోయి, మీది రబ్బరు కాల్చి, లోపలి తీగను అమ్ముకుంటారు. అందుకని మా దగ్గర కాల్చిన రాగి పట్టుకున్నవాడు ముందు దొంగ, తర్వాతే మనిషి. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవాణ్ని, ఈ సంగతి నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసు. తెలిసీ కాల్చాను.

నా రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి అప్పగించాలి. వెనక రేకుల షెడ్డు తెరిచి చూస్తే మా సంసారం మొత్తం తుప్పు పట్టి అందులోనే ఉంది. గ్యాసు కారిపోయి చల్లబడని ఫ్రిజ్, రేకులు చిల్లులు పడ్డ కూలర్లు, తిరగని వాషింగ్ మిషన్, మాడిపోయిన మిక్సీలు, ఒక సంచి నిండా పాత వైర్లు. క్వార్టర్లలో కరెంటు బిల్లు బాధ ఉండదు. అన్నానికి ఒక హీటరు, స్నానం నీళ్లకు ఒక హీటరు, గదికో కూలరు. అవి కాలిపోతే కొత్తవి కొనడం, పాతవి షెడ్డులో పడెయ్యడం. ఏదీ పారెయ్యబుద్ధి కాదు, ఎప్పటికైనా పనికొస్తుందని ఆశ.

పాత ఇనుప సామాన్లు కొనేవాడు వారానికోసారి మైకు పెట్టుకుని ఆటో ట్రాలీలో మా లైను వెంబడి వస్తాడు. పిలిచి చూపించాను. వాడు షెడ్డులోకి తొంగి చూసి, చెయ్యి ఒకసారి గుండ్రంగా తిప్పి అన్నాడు:

"మొత్తానికి కలిపి ఒక మాట చెప్తా కాకా."

నాకు అక్కడే తేడా కొట్టింది. ఎవడైనా మొత్తానికి కలిపి అంటున్నాడంటే, విడిగా చూస్తే వాడి మోసం బయటపడుతుందని అర్థం. దేనికది తూచమన్నాను. వాడు కరెంటు కాంటా తీసి చెట్టుకొమ్మకు తగిలించాడు. నేను లోపలికి పోయి ఖాళీ గ్యాసు సిలిండరు తెచ్చి దానికి వేలాడదీశాను. ఖాళీ బరువు ఎంతో సిలిండరు మెడ దగ్గరే రాసి ఉంటుంది కదా. కాంటా సరిగ్గా అంతే చూపించింది. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. సిలిండరును చూడగానే వీడు ఏదో మీట నొక్కి ఉంటాడు అనుకున్నాను.

"గింత అనుమానమైతే ఎట్ల కాకా? నువ్వేమన్న బంగారం అమ్ముతున్నవా?" అని వాడు నవ్వాడు.

ఫ్రిజ్ డొక్కు, కూలర్ల రేకులు మాత్రం ఇచ్చి, లోపలి మోటర్లు, కంప్రెషరు, వైర్ల సంచి ఇవ్వనన్నాను. వాడి ముఖం కొంచెం చిన్నబోయింది. ఆ ముఖం చూశాక, అసలు సరుకంతా నేను ఆపినదాంట్లోనే ఉందని నాకు ఖాయమైపోయింది.

ఆ వారమే నా భార్య గోలేటిలో ఉన్న తన అక్క ఇంటికి పోయింది. అక్కకు మోకాలి ఆపరేషన్, చూసుకునేవాళ్లు కావాలి. నా భార్య సంగతి కొంచెం చెప్పాలి. మా చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెబుతుంది. కూరలో ఉప్పు మరిచిపోతే మరిచిపోయిన అని ఒప్పుకుంటుందే తప్ప సాకు చెప్పదు. అట్లాంటి మనిషి.

ఆమె లేని ఆ రోజుల్లో నేను డ్యూటీ నుంచి వచ్చి, ఇంత తిని, వెనక పెరట్లో కూర్చునేవాణ్ని. కంప్రెషరు అంటే చుట్టూ వెల్డింగ్ చేసిన ఇనుప కుండ. దాన్ని కోసేసరికి రంపం బ్లేళ్లు విరిగాయి, నల్లటి ఆయిలు లుంగీ నిండా పడింది, బొటనవేలు చీరుకుపోయింది. లోపల తీగ పిడికెడు. కాపర్ వైండింగ్ అని దుకాణంవాడు ఒట్టు పెట్టుకుని అమ్మిన కూలర్ మోటరు ఒకటి విప్పి, తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం. ఎన్ని ఎండాకాలాలు నన్ను మోసం చేసి చల్లగాలి ఇచ్చిందో అది. బాయిలో ఇంత కష్టపడితే ఓవర్‌టైమ్ అయినా వచ్చేది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అని తెలుస్తూనే ఉంది, అయినా చేతులు ఆగలేదు. ఆపితే ఆ ట్రాలీవాడు గెలిచినట్టు అనిపించేది.

వైర్లు మిగిలాయి. ఒక్కొక్కటి పట్టుకుని మీది రబ్బరు ఒలుస్తూ కూర్చుంటే రిటైరయ్యాక కూడా అదే పని. రబ్బరుతోనే ఇస్తే వాడు తరుగు పేరు మీద ఇష్టమొచ్చినంత కోస్తాడు. ఫోన్‌లో ఒక వీడియోలో ఎవడో ఇట్లాంటి వైర్లను కుప్పపోసి, నిప్పు పెట్టి, ఎర్రటి తీగ చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు. వాడు ఏ ఊరివాడో గానీ బొగ్గు ఊరివాడు మాత్రం కాడు. నేను కూడా పెరట్లో కుప్పపోసి కాల్చాను. మోటర్ల తీగ కూడా దాంట్లోనే వేశాను. నల్లటి పొగ లేచి మా లైను మీంచి పోయింది. గొంతులో మంట పుట్టించే వాసన. పక్క క్వార్టరాయన గోడ మీంచి తల పెట్టాడు.

"ఏం కాలవెడ్తున్నవే అన్నా?"

"పాత వైర్లు."

"ఎక్కడియి?"

"ఎక్కడియి ఏంది, ఇంట్లయే."

"మంచిది," అన్నాడు. ఆ మంచిది అన్న తీరు నాకు మంచిగా అనిపించలేదు.

మర్నాడు డ్యూటీకి పోయేసరికి మా బాయిలో అందరి నోటా ఒకటే మాట. నీళ్లు తోడే పంపుకు పోయే కేబుల్‌ను ఎవరో కోసుకుపోయారు. షిఫ్టు దిగి బయటికి వస్తుంటే గేటు దగ్గర చెకింగ్ గట్టిగా ఉంది. టిఫిన్ డబ్బా మూతలు తీయించారు, బూట్లు విప్పించారు. మా ఎలక్ట్రికల్ వాళ్లను ఇంకొంచెం ఎక్కువసేపు నిలబెట్టారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు ఊరికే చెమటలు పట్టాయి. పెరట్లో కట్ట కట్టి పెట్టిన రాగి కళ్ల ముందు తిరిగింది.

నా భార్య తిరిగొచ్చేసరికి కేబుల్ పోయిన సంగతి షేర్ ఆటోలోనే వినేసింది. బ్యాగు కింద పెట్టకముందే వాసన పట్టింది. పెరట్లోకి పోయి మాడిన నేలను చూసింది, గోనెసంచి మీద ఉన్న రాగిని చూసింది.

"గింత రాగి మన కూలర్లల్ల ఉండెనా?"

ఫ్రిజ్‌లో ఎంత, మిక్సీల్లో ఎంత, హీటర్ల వైరులో ఎంత అని వివరంగా చెప్పాను. ఎంత వివరంగా చెబితే అంత అబద్ధంలా వినపడుతోందని నాకే తెలుస్తోంది.

"నేను లేనప్పుడే ఎందుకు కాలవెట్టినవ్?"

"నువ్వుంటే పొగకు దగ్గుతవని."

అది నిజం. ఆమెకు పొగ పడదు. ఆమె నా ముఖంలోకి చూసి, "సరే. నమ్మిన," అంది. ఆ మాట కొంచెం తొందరగా వచ్చింది.

ఎట్లాగైనా ఆ సరుకును ఇంట్లోంచి పంపెయ్యాలని, ట్రాలీవాడు రాగానే పిలిచాను. కోసి పడేసిన కంప్రెషరు చిప్పలు, మోటర్ల ఇనుము తీసుకున్నాడు. రాగి కట్ట తీసి ముందు పెట్టగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"కాల్చిన రాగి నేను పట్టుకోను కాకా. మీ ఊళ్లె గిది పట్టుకుంటే నా బండి గుంజుకపోతరు. ముందుగాల్నే మోటర్లు మోటర్ల లెక్క ఇస్తివా, ఫికరే లేకపోవు."

లైనులో ఎంతమంది విన్నారో తెలియదు. ఇనుము ట్రాలీలో వెళ్లిపోయింది, రాగి నా దగ్గర ఉండిపోయింది. ఆ రాగి ఫలానా ఫ్రిజ్‌లోది, ఫలానా కూలర్లోది అని చెప్పడానికి మిగిలిన ఆధారం ఆ ఇనుమే అని నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాతి రోజు కంపెనీ సెక్యూరిటీ గార్డు ఇంటికి వచ్చాడు. గేటు దగ్గర రోజూ నా డబ్బా చూసేవాడే, వాడి పిల్లలు మా చర్చికే వస్తారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కేబుల్ సంగతి నీకెరుకనే గదా అన్నా. నీ ఇంట్ల రాగి కాల్చినవని ఎవరో ఫోన్ చేసి చెప్పిండ్రు. చూసి రమ్మన్నరు."

ఎవరో అంటే ఎవరో నాకు తెలుసు. గోడవైపు చూశాను, అక్కడ ఎవరూ లేరు. రాగి తెచ్చి చూపించాను. మోటర్ల డొక్కులేవి అన్నాడు. అమ్మేశాను. వైర్ల మీది రబ్బరేది అన్నాడు. కాలిపోయింది. మోటరు తీగ సన్నగా ఉంటుంది, కేబుల్ తీగ వేరే అని చెప్పబోయాను. కానీ హీటర్లకు వాడిన లావు వైరు కూడా దాంట్లోనే కాలింది, అన్నీ కలిసి నల్లగా మెలిపడి ఉన్నాయి.

"ఇంటి దొంగను ఈశ్వరుడు కూడ పట్టలేడంటరు. నేను అంటలేనన్నా, పై సార్లు గట్లనే అంటరు. ఇది మీ ఇంట్లదే అని చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

వాడు పోయి అనుమానమని రాస్తే ఎంక్వైరీ, దాని వెనక చార్జిషీటు. ఆఖరి షిఫ్టు రోజు మెడలో దండ వేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకొచ్చే మనుషులు అప్పుడు పక్కనుంచి తల తిప్పుకుని పోతారు. ఇన్నేళ్లు చేసిన పని గురించి ఎవరూ మాట్లాడరు, ఎలక్ట్రీషియన్ రాగి దొంగతనం చేసిండట అన్న ఒక్క మాటే మిగులుతుంది.

నా భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనున్న తమ్మీ," అంది. "నా కండ్ల ముందటనే విప్పిండు. ఒక్కొక్క మోటరు నేనే పట్టుకున్న. కాలవెడుతుంటే పొగకు దగ్గుకుంట పక్కనే కూసున్న."

గార్డు ముఖం తేటపడింది. "నువ్వు చెప్పినంక ఇగ మాట లేదు వదినె. గదే చెప్త," అన్నాడు. మంచినీళ్లు తాగి, ఆఖరి రోజు తప్పకుండా వస్తానని నాతో చెప్పి వెళ్లిపోయాడు.

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. గార్డు బండి మలుపు తిరిగిందాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది. నేను విప్పి కాల్చిన రోజుల్లో ఆమె గోలేటిలో ఉంది. నా మాట నిజంగా నమ్మి ఉంటే, నేను ఊళ్లె లేను గానీ మా ఆయన గసొంటోడు కాదు అని చెప్పేది. అట్లా చెప్పలేదు. లేనిది ఉన్నట్టు చెప్పింది. పిల్లలను కూర్చోబెట్టి అబద్ధం ఆడొద్దని చెప్పే మనిషి, కళ్లార్పకుండా చెప్పింది.

లోపలికి పోయాను. అన్నం వడ్డిస్తోంది.

"నువ్వు గోలేటిల ఉంటివి గదా."

"ఉంటి."

"మరి?"

"మరి ఏం జెయ్యాలె? దండ ఏసుకొని ఇంటికి రావద్దా నువ్వు?" గొంతు తగ్గించింది. "అయిందేదో అయింది. ఇగ చెయ్యకు."

"నేనేం చెయ్యలే."

"సరే, చెయ్యలే. తిను."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోయిందే అని ఇంకా కోపమొచ్చింది. గేటు దగ్గర ముప్పై ఏళ్లు టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాను, ఎన్నడూ బాధనిపించలేదు. అడగడం వాళ్ల డ్యూటీ, చూపించడం నా డ్యూటీ. ఇంట్లో ఏ మూత తీసి చూపించాలో నాకు తెలియలేదు.

గార్డు చెప్పాడో ఏమో, ట్రాలీవాడు ఈసారి రాగి తీసుకుంటానని తనే వచ్చాడు. నన్ను బయటికి రావొద్దని చెప్పి ఆమే పోయింది. మాటలు లోపలికి వినపడుతున్నాయి.

"తూకం చూసుకుంటవా అవ్వా?"

"ఏం చూసుడు లేదు. ఎంతిస్తే గంత ఇయ్యి. జల్ది తీస్కపో."

పాత సామాన్లు సొంతంగా విప్పి అమ్మితే గిట్టుబాటవుతుందా అని ఈమధ్య తోటివాళ్లు నన్ను అడుగుతుంటారు, నేను విప్పిన సంగతి వాళ్లకు తెలుసు కాబట్టి. విరిగిన బ్లేళ్లు, చీరుకున్న వేలు, పోయిన సాయంత్రాలు లెక్కేస్తే ఏమీ మిగలదని చెబుతాను. ఆ మాట నిజమే. మిగతాది చెప్పను.

జీతం వచ్చాక మొదటి ఆదివారం మేము చర్చిలో దశమభాగం ఇస్తాం. పదో వంతు దేవునికి, తొమ్మిది వంతులు ఇంటికి. పెళ్లయినప్పటి నుంచి ఆ లెక్క ఆమెదే. బోనస్ వచ్చినా అంతే, కోడిని అమ్మినా అంతే. కష్టపడి తెచ్చిన దాంట్లోంచి పదో వంతు పక్కకు తీస్తే మిగిలింది శుద్ధమవుతుందని ఆమె నమ్మకం. రాగి తీసుకుపోయాక వచ్చిన ఆ ఆదివారం నేను మగవాళ్ల వైపు కూర్చున్నాను. ఆమె అటువైపు చాప మీద పిల్లల మధ్య కూర్చుంది. కానుకల సంచి ఆమె ముందుకొచ్చింది. కొంగు ముడి విప్పి, రాగి అమ్మిన పైసలన్నీ తీసి దాంట్లో వేసింది. ఒక్క నోటు కూడా ఇంటికి ఉంచలేదు.